గరికపాడు దాటిన ఉదయం

జగ్గయ్యపేట దాటి హైదరాబాదు వైపు వెళ్లే బస్సు గరికపాడు దగ్గర కాస్త నెమ్మదిస్తుంది. చెక్‌పోస్టు, లారీల వరస, పక్కన పాలేరు. ఇంకాస్త ముందుకెళితే తెలంగాణ. ఇప్పుడు ఆ గీత దాటడానికి ఎవరూ ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. కిటికీ పక్కన కునుకు తీస్తున్న మనిషికైతే దాటిన సంగతే తెలియదు. 1948 సెప్టెంబరు 13, సోమవారం తెల్లవారుజామున బెజవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం ఈ దారినే నిజాం రాజ్యంలోకి వెళ్లింది. పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది. శుక్రవారం సాయంత్రానికి, రెండు వందల ఇరవై ఏళ్లు దాటిన అసఫ్‌జాహీ ఏలుబడి ముగిసింది.

వారం కూడా పట్టలేదు. ఆ వారం కోసం ఏడాది పొడవునా హైదరాబాదు నాయకులు చెప్పిన మాటలున్నాయి. మా దగ్గర బలం ఉంది, బయటి దేశాలు ఆదుకుంటాయి, ఐక్యరాజ్యసమితి అడ్డుపడుతుంది, ఢిల్లీ సాహసించదు, సాహసిస్తే కాలిపోతుంది. ఆ మాటలు నమ్మి ఈటె పట్టినవాడు, నాటు తుపాకి పట్టినవాడు కోదాడ దారి మీద, సూర్యాపేట దారి మీద చచ్చిపోయారు. చెప్పినవాళ్లు చావలేదు. ఆ తేడా నన్ను చాలా ఏళ్లుగా పీడిస్తోంది. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పారా? లేక తామే పొరబడ్డారా? పొరబాటైతే అది పాపం కాకుండా పోతుందా?

ఈ ప్రశ్న నందిగామ, జగ్గయ్యపేట మెట్టన పుట్టినవాళ్లకు దూరపు చరిత్ర కాదు. ఇక్కడ సరిహద్దు గీత తిన్నగా ఉండేది కాదు, చిక్కుబడిన నూలులా ఉండేది. నందిగామకూ బెజవాడకూ మధ్య, అంటే నిఖార్సయిన ఇంగ్లీషు ఏలుబడి నడిబొడ్డున, పరిటాల నిజాందిగా ఉండేది. 1766లో సర్కారు జిల్లాలు కంపెనీ చేతికి పోయినప్పుడు వజ్రాల గనుల కోసం నిజాం ఆ ఊరినీ పక్కనున్న కొన్ని పల్లెలనూ వదులుకోలేదు. దానికి తిరగేసిన బొమ్మలాగా, కోదాడ అవతల, నాలుగు పక్కలా నిజాం నేల చుట్టుకున్న మునగాల పరగణా మన కృష్ణా జిల్లాలో, నందిగామ తాలూకాలో ఉండేది. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగిరీ చేసింది అక్కడే. ఆధారం చూపించకుండా చరిత్ర రాయకూడదని తెలుగువాళ్లకు నేర్పిన మనిషి ఆయన. ఈ కథ రాస్తుంటే ఆయన కళ్లు నా కాగితం మీద ఉన్నట్టే అనిపిస్తోంది.

1947 ఆగస్టు తరువాత ఆ చిక్కుముడి బిగుసుకుంది. పరిటాల జనం నిజాం పాలన మాకొద్దని తమ పాలన తామే ప్రకటించుకున్నారు. పరిటాల రిపబ్లిక్ అని ఈ వైపు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. సరిహద్దుకు ఆవలి నుంచి, రజాకార్ల దాడులకు తాళలేక, బండ్ల మీదా కాలినడకనా పిల్లాజెల్లాతో జనం ఈ ఊళ్లకు వచ్చిపడ్డారు. చావిళ్లలో, చెట్లకింద, చుట్టాల పంచల్లో తలదాచుకున్నారు. యుద్ధం ఇంకా మొదలుకాలేదు. ఇల్లు వదిలినవాళ్లకు మాత్రం అది అప్పటికే మొదలై చాలాకాలం.

అవతల హైదరాబాదులో రజాకార్ల నాయకుడు, కాసిం రజ్వీ అనే లాతూరు వకీలు సభల్లో మాట్లాడుతున్నాడు. ఢిల్లీ ఎర్రకోట మీద అసఫియా జెండా ఎగరేస్తామన్నాడు. బంగాళాఖాతం అలలు వచ్చి హుజూర్ పాదాలు కడిగే రోజు దగ్గర్లోనే ఉందన్నాడు. ఈ రెండో మాట వింటే దేశమంతా నవ్వి ఉండొచ్చు. మన మెట్టలో నవ్వడానికి లేదు. ఆ సముద్రం ఎక్కడుంది? బందరులో. గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే పాత రహదారి ఎక్కడిది? ఈ నందిగామ సీమ మీదుగా పోయేదే. కుతుబ్‌షాహీల నాడు వజ్రాలూ అద్దకం బట్టలూ ఓడలకెక్కడానికి ఈ తోవనే దిగేవి. కాబట్టి హైదరాబాదు సభలో చప్పట్లు కొట్టించుకున్న ఆ మాటకు ఇక్కడి అర్థం ఒక్కటే. దండు ఈ ఊళ్ల మీదుగా వస్తుంది. చివరికి దండు వచ్చింది ఈ దారినే. ఎదురు దిక్కు నుంచి.

జగ్గయ్యపేట పక్క గుట్ట మీద ధనబోడు అనే బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో బర్జెస్ దొర దాన్ని తవ్వించాడు. అక్కడ దొరికిన సున్నపురాతి పలక ఒకటి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. రెండు వేల ఏళ్ల నాటిది. అందులో చక్రవర్తి నిలబడి ఉంటాడు. ఒక చెయ్యి ఆకాశానికి ఎత్తి ఉంటుంది. మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తుంటాయి. చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం, మణి. మాంధాత అని పండితులు గుర్తుపట్టారు. బౌద్ధ కథలో మాంధాత భూమండలమంతా జయించి, స్వర్గానికి వెళ్లి, ఇంద్రుడి సింహాసనంలో సగం సంపాదించాడు. మిగిలిన సగం కూడా తనకే కావాలనుకున్న క్షణంలో కిందికి పడిపోయాడు. ఆ రాజు మీదికి ఎక్కిన ప్రతి మెట్టూ న్యాయమే అనుకుని ఉంటాడు. చుట్టూ ఉన్నవాళ్లలో కాదన్నవాడెవడూ ఆ పలక మీద లేడు.

హైదరాబాదు కథలో రజ్వీ కంటే నన్ను ఎక్కువగా ఆపేది మీర్ లాయక్ అలీ. రజ్వీది ఆవేశం. దాన్ని గుర్తుపట్టడం తేలిక. లాయక్ అలీ లెక్కలు తెలిసిన మనిషి. ఇంజినీరు, పరిశ్రమలు నడిపినవాడు. 1947 చివరలో నిజాంకు ప్రధానమంత్రి అయ్యేనాటికి ఐక్యరాజ్యసమితికి వెళ్లిన పాకిస్తాన్ ప్రతినిధి బృందంలో పనిచేసి వచ్చినవాడు. గోడ ఎంత బరువు మోస్తుందో అంచనా వేయడం అటువంటివాడికి వృత్తి. తన రాజ్యం ఎంత బరువు మోస్తుందో ఆయన అంచనా వేయలేకపోయాడా?

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. నిజాం సైన్యం ఇరవై వేల పైచిలుకు. అందులో ఆధునిక యుద్ధానికి పనికొచ్చేవాళ్లు కొన్ని వేలే. కొన్ని సాయుధ మోటారు బళ్లు ఉన్నాయి. యుద్ధ విమానాలు లేవు. నాలుగు వైపులా భారతదేశమే, సముద్రపు గట్టు జానెడు కూడా లేదు. రజాకార్లు రెండు లక్షలని చెప్పుకునేవారు గానీ ఆ రెండు లక్షల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా కత్తులు, బల్లేలు, మజిల్ లోడర్లు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట తుపాకులు మోసుకొచ్చి బీదరులో, వరంగల్లులో దించేవాడు. ఒక విమానం మోసే తుపాకులతో ఒక రాజ్యం నిలబడదని ఇంజినీరుకు ఎవరు చెప్పాలి?

అయినా లాయక్ అలీ చివరిదాకా నమ్మినట్టే కనిపిస్తాడు. అక్కడే నా చిక్కు. ఆయన తరువాత రాసుకున్న పుస్తకానికి పెట్టుకున్న పేరు హైదరాబాదు విషాదం అని అర్థం వచ్చేది. అందులో మాట్లాడేది మోసగాడు కాదు, మోసపోయానని బాధపడుతున్న మనిషి. సేనాధిపతి ఎల్ ఎద్రూస్ కూడా తన జ్ఞాపకాలు రాశాడు. ఇద్దరి పుస్తకాల్లోనూ ఓటమి అవతలివాడి ఇంటి గుమ్మం ముందే ఉంటుంది. సైన్యం నిలబడుతుందని నాకు చెప్పారని ఒకరు, నిలబడదని నేను చెప్పానని మరొకరు. నిజం వాళ్లిద్దరి మధ్య ఏదో గదిలో, సాక్షి లేకుండా ఉండిపోయింది.

మన భాషలో పొరబాటుకూ బొంకుకూ మధ్య గోడ ఉంది. పొరబడినవాడికి క్షమ ఉంది. బొంకినవాడికి లేదు. నాయకులు ఎప్పుడూ ఆ గోడకు ఇవతలే నిలబడి, నేను నమ్మాను అంటారు. 2003లో, పరిటాలలో హైవే పక్కన నూట ముప్పై అయిదు అడుగుల ఆంజనేయుడు నిలబడిన ఏడాదే, ఇరాక్ దగ్గర జనసంహార ఆయుధాలున్నాయని చెప్పి అమెరికా, బ్రిటన్ యుద్ధానికి దిగాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 5న కాలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న సీసా చేత్తో పట్టుకుని చూపించాడు. వెతికితే ఆ ఆయుధాల గుట్టలు దొరకలేదు. 2016లో బ్రిటన్‌లో చిల్కాట్ విచారణ నివేదిక వచ్చింది. టోనీ బ్లెయిర్ అబద్ధమాడాడని అది తేల్చలేదు. ఉన్న ఆధారానికి లేని నిశ్చయాన్ని తొడిగి జనం ముందు పెట్టారని మాత్రం చెప్పింది. బ్లెయిర్ తాను నమ్మే చేశానన్నాడు. ఈ నమ్మాను అన్న మాటను ఏ తూకంతో తూచాలి? గుండె కోసి చూడలేం కదా.

నాకు తోచిన తూకం ఒకటుంది. దాన్ని ఇచ్చింది మన ఊళ్ల నాటకమే. కృష్ణా జిల్లాలో రాయబారం చూడకుండా పెరిగిన పాతతరం మనిషి లేడు. కోతలయ్యాక పందిరి వేసి, తెల్లవార్లూ హార్మోనియం మోగితే, పద్యానికి వన్స్‌మోర్ కొట్టినవాళ్లే అందరూ. ఆ కథలో దుర్యోధనుడు గెలుస్తానని నిజంగానే నమ్ముతాడు. కర్ణుణ్ణి నమ్మాడు, పదకొండు అక్షౌహిణుల్ని నమ్మాడు. ఆ నమ్మకాన్ని మనం తప్పు పట్టం. మనకు కడుపు మండేది, ఎదురుగా వచ్చి నిజం చెబుతున్న రాయబారిని కట్టిపడేయమన్నప్పుడు. తన నమ్మకం మీద తనకే పూర్తి నమ్మకం ఉన్నవాడికి రాయబారిని కట్టవలసిన పని ఏముంది?

హైదరాబాదులో రాయబారిని కట్టిన తేదీ ఉంది. 1947 అక్టోబరు 27. భారతదేశంతో యథాతథ ఒప్పందం మీద మాట కుదుర్చుకోవడానికి ఢిల్లీ బయలుదేరబోతున్న నిజాం ప్రతినిధుల ఇళ్లను ఆ తెల్లవారుజామున వేల మంది చుట్టుముట్టారు. ఛత్తారీ నవాబు, మాంక్టన్, సుల్తాన్ అహ్మద్ గుమ్మం దాటలేకపోయారు. నిజాం ఆ గుంపును శిక్షించలేదు. ప్రధానిగా ఉన్న ఛత్తారీ పక్కకు తప్పుకున్నాడు, కొత్త బృందం వెళ్లింది, నెలరోజుల తరువాత నవంబరు 29న దాదాపు అవే షరతుల మీద ఒప్పందం కుదిరింది. ఆ చుట్టుముట్టడంతో వచ్చిన లాభం ఏమీ లేదు. నష్టం మాత్రం అప్పుడే జరిగిపోయింది. నిజం చెప్పగల మనుషులు ఆ రాజ్యంలో గుమ్మం దాటకూడదని వీధికి తెలిసిపోయింది.

ఇక షోయబుల్లా ఖాన్ దగ్గరికి రావాలి. ఈ కథలోకి నేను వచ్చింది ఆయన కోసమే.

ఓరుగల్లు జిల్లా సుబ్రవేడులో 1920లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. పత్రికలో కొలువు దొరికితే చాలనుకునే రకం కాదు. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’లో పనిచేశాడు. సర్కారు దాన్ని మూయిస్తే సొంతంగా ‘ఇమ్రోజ్’ మొదలుపెట్టాడు. ఆ మాటకు ఈరోజు అని అర్థం. ఉర్దూలోనే రాశాడు, ముస్లిం పాఠకుల కోసమే రాశాడు. భారతదేశంలో కలవడమే మన దారి, రజాకార్ల దౌర్జన్యం మన కొంప ముంచుతుంది అన్నాడు. 1948 ఆగస్టు 13న ఏడుగురు ముస్లిం ప్రముఖులు నిజాం భారతదేశంలో చేరాలని ప్రకటన చేస్తే తన పత్రికలో అచ్చువేశాడు. కొద్దిరోజులకే ఒక బహిరంగ సభలో, ఇలా రాసే చేతులు తెగిపడతాయని రజ్వీ హెచ్చరించాడని ఆనాటి సంగతులు రాసినవాళ్లంతా చెబుతారు.

ఆగస్టు 21 రాత్రి, పత్రిక పని ముగించుకుని బావమరిదితో ఇంటికి నడిచి వెళుతుంటే దారికాచి కొట్టారు. కత్తులతో పొడిచి, తుపాకితో కాల్చి, చెయ్యి నరికారు. బావమరిది చెయ్యి కూడా పోయింది. 22 తెల్లవారుజామున షోయబుల్లా చనిపోయాడు. ముప్పై నిండలేదు. ఇంట్లో భార్య, తల్లి.

అదే ఆగస్టు 21న హైదరాబాదు సర్కారు భద్రతా మండలికి ఫిర్యాదు తంతి పంపింది. భారతదేశం మమ్మల్ని బెదిరిస్తోంది, మాకు న్యాయం చెయ్యండి అని. ఆ ఫిర్యాదులో పూర్తిగా అబద్ధమని తోసెయ్యదగింది తక్కువే. దిగ్బంధం ఉంది, బెదిరింపు ఉంది, ఢిల్లీ తొందరా ఉంది. చిన్న రాజ్యం పెద్ద దేశం మీద ఫిర్యాదు చెయ్యకూడదని ఎక్కడా లేదు. కానీ ఒకే తేదీన ఆ రాజ్యం నుంచి రెండు మాటలు బయలుదేరాయి. మా ప్రజలు స్వతంత్రం కోరుతున్నారని ప్రపంచానికి ఒకటి. అలా కోరుకోవడం లేదని రాసిన చేతికి కత్తి రూపంలో ఇంకొకటి. తంతి మీద సంతకం పెట్టిన ప్రభుత్వం ఆ కత్తిని పంపలేదనే అనుకుందాం. ఆపిందా? ఆపాలని ప్రయత్నించిందా? మర్నాడు రజాకార్ల బూట్ల చప్పుడు నగర వీధుల్లో తగ్గలేదు. అయిదారు రోజులకే, ఆగస్టు 27న, భైరాన్‌పల్లిలో పదుల మందిని వరసలో నిలబెట్టి కాల్చారు.

అందుకే లాయక్ అలీ నమ్మాడా, బొంకాడా అన్న ప్రశ్నకు నా జవాబు ఆయన గుండెలో వెతకను. షోయబుల్లాను నరికిన కాచిగూడ వైపు ఆ వీధిలో వెతుకుతాను. తెలియక పొరబడినవాణ్ణి నేను క్షమిస్తాను. తెలియజేయడానికి వచ్చినవాడి చెయ్యి నరుకుతుంటే చూస్తూ ఊరుకుని, ఆ మీదట నాకు తెలియదు అన్నవాణ్ణి అబద్ధమాడాడనే అంటాను. ఆ నమ్మకం ఆయనకు దొరికింది కాదు, కాపలా పెట్టి కాపాడుకున్నది. నా మాట కటువుగా ఉందని అనేవాళ్లుంటారు. సూర్యాపేట దారిలో పడిపోయిన కుర్రాళ్ల తల్లుల ముందు నిలబడి ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ దారి ఇలా సాగింది. సోమవారం పొద్దున జనరల్ రుద్ర ఆధ్వర్యంలోని సేనలకు హైదరాబాదు లాన్సర్ల సాయుధ బళ్లు ఎదురునిలిచాయి. గట్టిగానే నిలిచాయి. ఓడిపోయినవాళ్లయినా ఆ మాట వాళ్లకు దక్కాలి. కోదాడ పడింది. మధ్యాహ్నానికి సేన మునగాల చేరింది. శత్రురాజ్యంలోకి చొచ్చుకువెళ్లిన సైన్యం మొదటి రోజు చేరుకున్న ఊరు సొంత జిల్లాదే కావడం ఈ పిచ్చి సరిహద్దులకే చెల్లింది. తరువాత సూర్యాపేట. ఆకాశం నుంచి బాంబులు పడ్డాయి. పైకి కాల్చడానికి కింద ఉన్నవాళ్ల దగ్గర తగిన ఆయుధమే లేదు. వెనక్కి తగ్గుతున్న నిజాం బలగాలు మూసీ వంతెన పేల్చేసి నార్కెట్‌పల్లి దగ్గర మరోసారి నిలబడ్డాయి. అదీ నిలవలేదు. పడమర షోలాపూరు వైపు నుంచి జనరల్ చౌదరి సేనలు ఇంకా పెద్ద బలంతో వస్తున్నాయి.

కరాచీ నుంచి విమానాలు రాలేదు. యుద్ధానికి రెండు రోజుల ముందే, సెప్టెంబరు 11న, జిన్నా చనిపోయాడు. పారిస్‌లో భద్రతా మండలి హైదరాబాదు ఫిర్యాదు చేతికి తీసుకున్నది 16వ తేదీన. హైదరాబాదు ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ అక్కడ లేచి తన రాజ్యం మొర వినిపిస్తున్న వేళకు ఆ రాజ్యానికి మిగిలింది ఒక్క రోజు. ఆయన మాట్లాడుతున్నది ప్రాణం పోతున్న మనిషి తరఫున. ఆ సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. ఆ దృశ్యం తలచుకుంటే, ఏ పక్షంవాడికైనా గుండె తరుక్కుపోతుంది.

17 పొద్దున లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం కాల్పులు ఆగాయి. 18న ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. సర్కారు లెక్కల్లోనే చచ్చిన రజాకార్లు వెయ్యి దాటారు. వాళ్లలో హంతకులున్నారు, గ్రామాలు తగలబెట్టినవాళ్లున్నారు. వాళ్ల కోసం నేను ఏడవను. వాళ్లలోనే, దీన్ ఆపదలో ఉందంటే నమ్మి, గుర్రపుబండి తోలుకోవడం మానేసి కర్రసాము నేర్చుకున్న పేద కుర్రాళ్లూ ఉన్నారు. ఎర్రకోట ఎక్కడుందో వాళ్లకు తెలియదు. సముద్రం వాళ్లు చూడలేదు. ట్యాంకు అనేది చూసింది చచ్చిపోయే రోజునే.

సెప్టెంబరు 23న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రేడియోలో మాట్లాడాడు. చిన్న ముఠా ఒకటి హిట్లర్ పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుని తనను నిస్సహాయుణ్ణి చేసిందన్నాడు. ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. ముప్పై ఏడేళ్లు ఏలిన రాజు. 1947 జూన్‌లో స్వతంత్రంగా ఉంటానని ఫర్మానా ఇచ్చింది ఆయనే. అక్టోబరులో ప్రతినిధులను గుంపు అడ్డగిస్తే ఊరుకున్నదీ, లాయక్ అలీని గద్దెనెక్కించిందీ ఆయనే. ఆ ముఠా ఆయన్ను భయపెట్టిన మాట కొంత నిజం కావచ్చు. కానీ గెలుస్తామన్నన్నాళ్లూ అది ఆయనకు బలం, ఓడిన ఆరో రోజున అది ముఠా. షోయబుల్లా సంవత్సరంపాటు చెప్పింది ఆ మాటే. ఆయన చెప్పినప్పుడు దానికి వెల చెయ్యి, ప్రాణం. నిజాం చెప్పినప్పుడు వెల ఏమీ లేదు. 1950 జనవరి 26న ఆయన రాజప్రముఖ్ అయ్యాడు. లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని కరాచీ చేరాడు. రజ్వీ బీబీనగర్ దోపిడీ కేసులో శిక్షపడి, 1957లో విడుదలై, తానూ పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ముగ్గురూ మంచం మీదే పోయారు.

తూకం ఒకటే అయితే గెలిచినవాళ్లనూ అందులో పెట్టాలి. వేల మంది సైన్యం, ట్యాంకులు, విమానాలు కదిలిన దండయాత్రకు పోలీసు చర్య అని పేరు పెట్టారు. ఇంట్లో తగాదా అంటే ఊళ్లో పెద్దలు రారు కదా, అందుకు. మన వైపు జనానికి ఆ సైన్యం రక్షణగా వచ్చిందన్నది కాదనలేని నిజం. సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాళ్లు మళ్లీ తమ ఊరికి వెళ్లగలిగారు. పెద్దవాళ్లు పోలీసు యాక్షన్ అన్న మాటను ఊపిరి పీల్చుకున్నట్టు పలికేవారు. కానీ ఆ తరువాతి వారాల్లో ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లింల మీద సాగిన ఊచకోత సంగతి వాళ్లు చెప్పలేదు. వాళ్లకు తెలియదు. తెలియనివ్వలేదు. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు దాకా తిరిగి, ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చచ్చిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. రక్షించామన్న మాట పొరబాటు కాదు. కానీ ఆ నివేదికను అలమరలో పెట్టి తాళం వేసిన చెయ్యి కూడా, నేను పైన చెప్పిన లెక్కలోకే వస్తుంది. షోయబుల్లా బతికి ఉంటే ‘ఇమ్రోజ్’లో ఆ నివేదికను అచ్చువేసేవాడు. నాకు అనుమానం లేదు.

జగ్గయ్యపేటకు ఆ పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి గురించి ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. బేతవోలు అనే ఊరిని పెంచి తండ్రి పేరు పెట్టాడు. అమరావతిని కట్టించాడు. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి నరికించాడట. ప్రజల రక్షణ కోసమే చేశానని ఆయన అనుకుని ఉండవచ్చు. రాజ్యానికి అదొక న్యాయం. కానీ కథ అక్కడ ఆగదు. ఆ తరువాత ఆయన విస్తరి ముందు కూర్చుంటే అన్నం పురుగులై కదిలేదట. ఆ నెత్తురు వదిలించుకోవడానికే అమరేశ్వరుణ్ణి కొలిచి గుళ్లు కట్టించాడంటారు. చరిత్రగా ఇందులో ఎంత నిలుస్తుందో కొమర్రాజు వారి వంటివారు తేల్చాలి. జనం మాత్రం తమ రాజును ఆ పురుగుల అన్నం ముందు కూర్చోబెట్టి తరతరాలుగా చూస్తూ వచ్చారు. ఆ కథలో ఆయన మంత్రుల మీద చెప్పడు. నాకు తెలియదు అనడు. తినలేక లేచిపోతాడు.

ధనబోడు మీద ఇప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ లేదు. చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న పలక మీద శిల్పి మాంధాత పడిపోవడం చెక్కలేదు. ఆ కాలపు యాత్రికులకు అది చెక్కి చూపించనక్కర్లేదు, కథ ఇంట్లో విని వచ్చేవారు. రాతిలో రాజు చెయ్యి ఇంకా పైకే ఉంది. మబ్బులోంచి నాణేలు పడుతూనే ఉన్నాయి. మంత్రి చేతులు జోడించి, ఏమీ అనకుండా, పక్కనే నిలబడి ఉన్నాడు.